తడి మడిలో దాహం

(హైదరాబాద్‌లో కూరగాయల రైతులు, మిద్దెతోటలు పెంచేవాళ్లు కలిసిన ఒక ఆదివారం సభలో, భూసార పరీక్షల పనిలో ఏళ్ల తరబడి ఉండి రిటైరైన అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చేవెళ్ల, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం, యాచారం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రైతులు ఇటు కూర్చున్నారు. మిద్దె మీద కుండీల్లో కూరగాయలు పెంచుకునే అమ్మలు, పెద్దలు అటు కూర్చున్నారు. రెండెకరాల టమాట వేసినాయనకూ, ఇరవై కుండీల్లో మెంతికూర చల్లుకున్నావిడకూ ఏం పొత్తు అనుకోకండి. మీ ఇద్దరికీ నీళ్లిచ్చేది బోరే. ఆ బోరు నీళ్ల గురించే ఇవాళ మాట్లాడతాను.

ముందు వంటింట్లోకి వెళ్దాం. కాకరకాయను చక్రాలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి పక్కన పెడతాం కదా. అరగంటకు గిన్నె అడుగున నీళ్లు ఊరి ఉంటాయి. ఆ నీళ్లు మనం పోసినవి కావు. కాకర ముక్క లోపలివే. బయట ఉప్పు ఎక్కువైంది గనుక లోపలి నీళ్లు బయటికొచ్చేశాయి. ముక్కను పిండితే మెత్తగా వేలాడుతుంది, బిగువు పోతుంది.

పొలంలో వేరుకు జరిగేదీ ఇదే, కాకపోతే నెమ్మదిగా. వేరు లోపలి రసంలో కొంత ఉప్పూ చక్కెరా ఉంటాయి, బయట మట్టి నీళ్లు అంతకంటే పల్చగా ఉంటాయి. అందుకే నీళ్లు వేరులోకి పోతాయి. మట్టి నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది. అదే గుక్కెడు నీళ్లు లాగడానికి మొక్క ఇంకా ఎక్కువ కష్టపడాలి. మడి తడిగానే ఉంటుంది, చేత్తో పట్టుకుంటే ముద్దవుతుంది. మొక్కకు మాత్రం అందులో సగం నీళ్లు అందవు. మధ్యాహ్నం మూడింటికి ఆకు వేలాడేస్తుంది. రైతు చూసి "నీళ్లు మస్తుగ పెడుతున్న సారూ, అయినా చెట్టు ఎందుకు వాడుతుంది?" అంటాడు. ఈ ప్రశ్న నేను నా ఉద్యోగంలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదటిసారి విన్నప్పుడు మాత్రం తప్పు జవాబు చెప్పాను. అది ముందు చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇబ్రహీంపట్నం అవతల ఒక యాసంగి టమాట తోట చూడబోయాను. చెట్లు గిడసబారి ఉన్నాయి. ఆకులు చిన్నవి, కానీ పసుపుపచ్చగా లేవు, మామూలు కంటే ముదురు ఆకుపచ్చగా, కొంచెం నీలం కొట్టినట్టు ఉన్నాయి. పురుగు లేదు, తెగులు లేదు. ఎదుగుదల తక్కువ కాబట్టి తిండి తక్కువైందనుకున్నాను. ఇంకొంచెం యూరియా, దానితో పాటు పొటాష్ వేయమన్నాను. ఆయన అప్పు చేసి తెచ్చి వేశాడు. రెండు వారాలకు కింది ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడిపోయాయి. అప్పుడు పోయి సీసాలో బోరు నీళ్లు పట్టుకొచ్చి పరీక్ష చేస్తే ఈసీ, అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, 3 దాటింది. ఎరువు కూడా ఉప్పేనన్న సంగతి పుస్తకంలో చదువుకున్నాను గానీ పొలంలో గుర్తుకు రాలేదు. మనం పొటాష్ అనేది, ఆ ఎర్ర గుళికల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, పొటాషియం క్లోరైడ్. ఉప్పు మీద ఉప్పు వేయించాను. ఆ పెద్దమనిషి నన్ను తిట్టలేదు. "ఇంకోసారి నీళ్లు జూసి చెప్పు బిడ్డా" అన్నాడు, అంతే. అప్పటి నుంచి ఎవరి తోటకు పోయినా ముందు బోరు దగ్గరికే పోతున్నాను.

ఈసీ అంటే ఏమిటో ఒక్క నిమిషంలో చెప్తాను. నీళ్లలో కరిగిన ఉప్పులుంటే కరెంటు సులువుగా పారుతుంది. ఎంత పారుతుందో కొలిచే అంకె ఈసీ. డెసీసైమన్ అని రాస్తారు, కొన్ని పాత రిపోర్టుల్లో మిల్లీమోస్ అని ఉంటుంది. అంకె అదే. టీడీఎస్ అంటే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పు కరిగి ఉందో చెప్పేది. ఈసీని 640తో గుణిస్తే దాదాపు టీడీఎస్ వస్తుంది. ఈసీ 1 అంటే లీటరుకు 640 మిల్లీగ్రాములు, ఈసీ 2 అంటే 1280. జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటర్లు కొంటున్నారు, మంచిదే. కానీ కొన్ని మీటర్లు ఈసీ 1ని 500 అని చూపిస్తాయి, కొన్ని 700 అని చూపిస్తాయి. లోపల పెట్టిన గుణకం వేరు. అందుకే కొనేటప్పుడు ఈసీ కూడా చూపించే మీటరు అడగండి. మొక్క దగ్గర ఆ అంకెతోనే పని.

"మా బోరు నీళ్లు మేం తాగుతం సారూ, ఉప్పగ లెవ్వు" అని చాలామంది అంటారు. వేరే దారి లేనప్పుడు తాగే నీళ్లలో టీడీఎస్ 2000 దాకా ఉండొచ్చని మన దేశ ప్రమాణం ఒప్పుకుంటుంది. అంటే ఈసీ 3కి కాస్త పైన. మనిషి గొంతు దిగే ఆ నీళ్లు బీన్స్ పంటను సగానికి పైగా తినేస్తాయి. కాబట్టి నాలుకను నమ్ముకోవద్దు.

ఇప్పుడు మీతో ఒక లెక్క వేయిస్తాను. టమాట పంట మొత్తానికి 400 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టామనుకుందాం, అంటే మడిలో 40 సెంటీమీటర్ల ఎత్తు నిలిచేంత. ఎకరానికి అది దాదాపు 16 లక్షల లీటర్లు. మీ బోరు ఈసీ 2. లీటరుకు 1.28 గ్రాముల ఉప్పు. 16 లక్షల లీటర్లకు ఎంత? రెండు టన్నులు. ఒక్క పంటకు, ఒక్క ఎకరానికి, 50 కిలోల బస్తాలు నలభై. ట్రాక్టరు మీద నలభై బస్తాల ఉప్పు తెచ్చి ఎవరైనా మీ చేనులో కుమ్మరిస్తే ఊరుకుంటారా? పైపులో కరిగి వస్తుంటే మాత్రం మనకు కనపడదు. నీళ్లు మొక్క తాగుతుంది, ఎండ తాగుతుంది. ఉప్పులో చాలా భాగాన్ని రెండూ ముట్టుకోవు, అది అక్కడే ఉండిపోతుంది. వాన కడిగితే కిందికి పోతుంది, లేకపోతే లేదు.

మట్టి ఆరేకొద్దీ ఇంకో ఇబ్బంది. మట్టిలోని నీళ్లు సగానికి తగ్గితే మిగిలిన సగంలో ఉప్పు రెట్టింపు చిక్కబడుతుంది. పొద్దున నీళ్లు పెట్టినప్పుడు ఓర్చుకున్న మొక్క, మూడో రోజు మధ్యాహ్నానికి ఓర్చుకోలేకపోయేది ఇందుకే.

మొక్క లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పుకుందాం. ఇది తెలిస్తే మీ తోటను మీరే చదువుకోగలరు. ఉప్పు దెబ్బ రెండు విడతలుగా తగులుతుంది. మొదటిది దాహం. వేరుకు నీళ్లు కష్టమైన కొద్దిసేపటికే మొక్కంతా ఆ కబురు పాకుతుంది. అబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను పెరుగుతుంది. ఆకు మీది రంధ్రాలు మూసుకుంటాయి. రంధ్రం మూస్తే నీళ్లు మిగులుతాయి, కానీ గాలి లోపలికి రాదు, గాలి లేకపోతే ఆకు తిండి వండదు. కొత్త ఆకు చిన్నగా వస్తుంది. ఆకు చిన్నదైతే పచ్చదనం తక్కువ చోట కిక్కిరుస్తుంది, అందుకే ముదురు రంగు. నేను ఆ రోజు మోసపోయింది ఈ రంగు చూసే. మాడిన గుర్తు ఎక్కడా ఉండదు, మచ్చ ఉండదు, పక్కన మంచి నీళ్ల తోట లేకపోతే పోల్చుకోవడానికీ ఉండదు. ఆకు మీద ఏ గుర్తూ రాకముందే దిగుబడిలో ఐదో వంతు పోయి ఉండొచ్చు. రైతు "ఈ ఏడు విత్తనం బాగలేదు" అనుకుంటాడు. ఉప్పు నీళ్లు చేసే నష్టంలో ఎక్కువ భాగం ఇదే, పేరు లేని నష్టం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేదీ ఇదే.

రెండో విడత వారాల తరవాత వస్తుంది. అప్పటికి సోడియం, క్లోరైడు నీళ్లతో పాటు ఎక్కి ఆకుల్లో పోగుపడతాయి. నీళ్లు ఆవిరైపోతాయి, అవి మిగిలిపోతాయి. ముదురు ఆకు ఎక్కువ రోజులు నీళ్లు తాగింది కాబట్టి దానిలో ఎక్కువ. అందుకే కింది ఆకులు ముందు మాడతాయి, అదీ కొస నుంచి, అంచు నుంచి. చిగురు దగ్గర మొదలై కిందికి పాకుతుంటే అది వేరే జబ్బు, ఉప్పు మీద నింద వేయకండి.

ఈ సోడియం పొటాషియంతో పోటీ పడుతుంది, క్లోరైడు నైట్రేటుతో పోటీ పడుతుంది. ఒకే తలుపు దగ్గర ఇద్దరు తోసుకున్నట్టు. చేనులో ఎరువు ఉన్నా మొక్కకు అందదు. ఇక టమాటలో కాయ అడుగు నల్లబడి, తోలులా అణిగిపోతుంది చూశారా? దానికి తెగులు మందు కొట్టేవాళ్లున్నారు. అది తెగులు కాదు, కాయ కొసకు సున్నం, అంటే కాల్షియం, అందక వచ్చేది. కాల్షియం నీళ్లతో పాటే ప్రయాణిస్తుంది. నీళ్లు లాగలేని మొక్క కాయ చివరి దాకా కాల్షియం చేర్చలేదు. ఉప్పు నీళ్ల తోటల్లో ఇది ఎక్కువగా కనపడుతుంది. ఇంకో సంగతి, కొంచెం ఉప్పు నీళ్లతో పండిన టమాట తియ్యగా ఉంటుంది. కాయలోకి నీళ్లు తక్కువ వెళ్తాయి, చక్కెర చిక్కబడుతుంది. రుచి బాగుంటుంది, బరువు తగ్గుతుంది. మన మార్కెట్‌లో తూకమే చూస్తారు గానీ రుచికి ధర కట్టరు, కాబట్టి రైతుకు అందులో లాభం లేదు.

ఇక ఏ పంట ఎంత ఓరుస్తుందన్న దగ్గరికి వద్దాం. 1977లో మాస్, హాఫ్‌మన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కూడగట్టి ఒక సులువైన పద్ధతి ఇచ్చారు. ప్రతి పంటకూ ఒక గీత ఉంటుంది. మట్టి ఉప్పు ఆ గీత దాటేదాకా దిగుబడి తగ్గదు. దాటాక ఒక్కో డెసీసైమన్‌కు ఇంత శాతం చొప్పున పడిపోతుంది. ఆ అంకెలు వాళ్ల నేలల్లో, వాళ్ల రకాలతో వచ్చినవి. మన దగ్గర అటూ ఇటూ కావచ్చు, కానీ ఏ పంట సున్నితం, ఏది మొండిది అన్న వరస చాలావరకు నిలుస్తుంది.

మీ బోరు ఈసీ 2 అనుకోండి. మామూలుగా పారిస్తే మట్టిలో ఉప్పు దానికి ఒకటిన్నర రెట్లకు చేరుతుంది, అంటే 3. ఇప్పుడు ఒక్కో పంటనూ ఆ మట్టిలో నిలబెడదాం. టమాట గీత 2.5, దాటాక పది శాతం చొప్పున పోతుంది. ఆ మట్టిలో ఐదు శాతం నష్టం, ఓర్చుకోవచ్చు. దోసకాయదీ దాదాపు అంతే. క్యాబేజీలో 12 శాతం, వంకాయలో 13 శాతం పోతుంది. మిరపలో 20 దాటుతుంది, ముల్లంగిలో 23. క్యారెట్‌లో 28, ఉల్లిగడ్డలో 29 శాతం. చేవెళ్ల అన్నలూ, క్యారెట్ వేసేవాళ్లు ఈ అంకె గుర్తు పెట్టుకోండి. బీన్స్‌కు వచ్చేసరికి గీత 1 దగ్గరే ఉంది, ఆ పైన 19 శాతం చొప్పున జారుతుంది. 38 శాతం గోవిందా.

ఇప్పుడు అసలు విచిత్రం చెప్తాను. బీన్స్‌కు దూరపు చుట్టం గోరుచిక్కుడు. రెండూ కాయజాతే, రైతుబజార్లో పక్కపక్కనే రాశి పోసి ఉంటాయి. గోరుచిక్కుడు గీత 8.8. బీన్స్ ఎండిపోయే నీళ్లలో గోరుచిక్కుడు ఏమీ ఎరగనట్టు కాస్తుంది. బొబ్బర్లు కూడా గట్టివే, గింజ కోసం పండిస్తే గీత 4.9. ఇంకొకటి మనం విత్తనం చల్లకుండానే గెట్ల మీద మొలిచేది, గంగవాయిలి కూర. దాని గీత 6 పైన. మనవాళ్లు పప్పులో వేసుకునే ఆ కలుపు మొక్కను ఉప్పు నీళ్ల పంటగా ఎన్నో దేశాల్లో పరిశోధిస్తున్నారు. మీ బోరు చెడ్డదైతే గంగవాయిలిని పీకి పారేయకండి, మడి కట్టి పెంచండి. హైదరాబాద్‌లో దానికి గిరాకీ ఎప్పుడూ ఉంది.

పాలకూర గురించి ఒక చిక్కు విప్పాలి. ఇంగ్లిష్ పుస్తకాల్లో స్పినాచ్ అని ఉన్న అంకెను మన పాలకూరకు వాడేస్తుంటారు. మన పాలకూర ఆ మొక్క కాదు, బీట్‌రూట్ జాతి. బీట్ కుటుంబం సముద్రపు ఒడ్డు నుంచి వచ్చింది, సోడియాన్ని కొంతవరకు పొటాషియం బదులు వాడుకోగలదు కూడా. బీట్ గీత 4. అందుకే ఉప్పు బోర్ల కింద పాలకూర నిలబడుతుంది, పక్కన కొత్తిమీర నీరసంగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త, ఆ జాతి పెద్దయ్యాకే గట్టిది. మొలకెత్తేటప్పుడు అది కూడా పసిబిడ్డే.

ఆ మాట అన్ని పంటలకూ వర్తిస్తుంది. విత్తనం, నారు, పూత ముందు దశ, ఈ రోజుల్లోనే ఉప్పు గట్టిగా కొడుతుంది. ఇంట్లో ఒక డ్రమ్ము వాన నీళ్లో, నల్లా నీళ్లో ఉంటే అవి నారుమడికి దాచండి. కాయ దిగే చెట్టు బోరు నీళ్లు తట్టుకుంటుంది, తొట్లో నారు తట్టుకోదు.

ఇక్కడిదాకా చెప్పింది ఉప్పు ఎంత అన్న సంగతి. ఏ ఉప్పు అన్నది ఇంకొకటి. సోడియం ఎక్కువై కాల్షియం తక్కువైన నీళ్లుంటాయి. మీటరు మీద అంకె చిన్నగానే ఉంటుంది, నేల మాత్రం చెడిపోతుంది. కాల్షియం మట్టి రేణువులను కలిపి పట్టుకుంటుంది, సోడియం విడగొడుతుంది. విడిపోయిన బంకమట్టి సందులు మూసేస్తుంది. తడిస్తే జిగట, ఆరితే పెంకు. నీళ్లు పైనే నిలుస్తాయి, మొలక పైకి రాలేదు. మనవాళ్లు చౌడు పట్టిందనేది చాలాసార్లు ఇదే. రిపోర్టులో ఎస్‌ఏఆర్, ఆర్‌ఎస్‌సీ అని రెండు అంకెలుంటాయి. కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంతుందో చెప్పేది ఎస్‌ఏఆర్, వాటికంటే కార్బొనేట్లు, బైకార్బొనేట్లు ఎంత ఎక్కువున్నాయో చెప్పేది ఆర్‌ఎస్‌సీ. ఆర్‌ఎస్‌సీ 1.25 లోపుంటే భయం లేదు, 2.5 దాటితే ఆ నీళ్లను అలాగే పెట్టకూడదు. జిప్సం ఉన్నది దీనికోసమే. ఆర్‌ఎస్‌సీని ఒక్క పాయింటు తగ్గించాలంటే, ఎకరానికి ఐదు సెంటీమీటర్ల ఒక తడికి స్వచ్ఛమైన జిప్సం 17 కిలోలు, బజారులో దొరికే రకం అయితే 22 నుంచి 25 కిలోలు కావాలి. కాలువలో గోనెసంచిలో పెట్టి దాని మీదుగా నీళ్లు పోనిస్తారు, లేదా దుక్కిలో చల్లుతారు. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను: ఉప్పు నీళ్లన్నిటికీ జిప్సం మందు కాదు. సోడియం పాలు ఎక్కువ లేని ఉత్త ఉప్పు నీళ్లలో జిప్సం కలిపితే ఈసీ ఇంకొంచెం పెరుగుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. పరీక్ష లేకుండా బస్తాలు కొనొద్దు.

అక్కడ చెయ్యెత్తిన అమ్మ, అడగండి.

(ఒక శ్రోత: "మా అపార్టుమెంటులో బోరు నీళ్లకు సాఫ్టెనర్ పెట్టారు సార్. ఇప్పుడు బకెట్లకు తెల్ల పొర రావట్లేదు. కానీ సాఫ్టెనర్ పెట్టాక మిద్దె మీద మొక్కలు ఒక్కొక్కటే పోతున్నాయి.")

చాలా మంచి ప్రశ్న అమ్మా. సాఫ్టెనర్ నీళ్లలోంచి ఉప్పు తీయదు, మారుస్తుంది. గచ్చు మీద తెల్లగా పేరుకునేవి కాల్షియం, మెగ్నీషియం. వాటిని పట్టుకుని, వాటి బదులు సోడియం వదులుతుంది. అందుకే కదా నెలనెలా దానిలో బస్తాల కొద్దీ ఉప్పు పోసేది. బట్టలకు, గీజరుకు మంచిది, మొక్కకు విషం. మొక్కకు మేలు చేసే కాల్షియం పోయి కీడు చేసే సోడియం వచ్చింది. టీడీఎస్ మీటరు పెడితే ముందూ తరవాతా దాదాపు ఒకే అంకె చూపిస్తుంది, కాబట్టి మీటరుకు ఈ తేడా దొరకదు. సాఫ్టెనర్‌కు ముందున్న పైపు నుంచి తోటకు ఒక నల్లా పెట్టించుకోండి. సొసైటీ మీటింగులో పోట్లాడైనా పెట్టించుకోండి. ఆ గట్టి నీళ్లు కుండీ అంచుకు తెల్ల పొర కడితే కట్టనీయండి.

ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే నీళ్ల సంగతి కూడా అడుగుతారని తెలుసు. వృథా చేయకూడదన్న మీ మనసు గొప్పది. కానీ లెక్క చూడండి. మూడు లీటర్లు లోపలికి పోతే ఒక లీటరు మంచి నీళ్లు వస్తాయి, రెండు లీటర్లు బయటికి పోతాయి. మూడు లీటర్ల ఉప్పు దాదాపు అంతా ఆ రెండు లీటర్లలోనే ఉంటుంది, అంటే ఒకటిన్నర రెట్లు. మీ ఇంటికొచ్చేది మంజీర, కృష్ణా నల్లా నీళ్లయితే పెద్ద భయం లేదు, పోసుకోవచ్చు. బోరు నీళ్లయితే గచ్చు కడగండి, కుండీలో పోయకండి.

కుండీకి పొలం కంటే ఒక ఇబ్బంది ఎక్కువ. పొలంలో వేరు పక్కకు, లోతుకు పారిపోవచ్చు. కుండీలో ఎక్కడికి పోతుంది? పైగా మిద్దె మీద వేడికి రోజూ నీళ్లు ఆవిరైపోతాయి. రోజూ చెంబెడు చిలకరించి, అడుగు కన్నం లోంచి చుక్క కూడా కారకుండా చూసుకుంటే, గచ్చు శుభ్రంగా ఉంటుంది, ఉప్పంతా కుండీలోనే ఉంటుంది. రెండు మూడు వారాలకోసారి అడుగు నుంచి ధారగా కారేదాకా నిండుగా పోయండి. కిందపెట్టిన పళ్లెంలో చేరిన నీళ్లు వెంటనే పారబోయండి. లేకపోతే మట్టి ఆ ఉప్పును మళ్లీ పీల్చుకుంటుంది.

పొలానికీ సూత్రం ఇదే. ఉప్పును మాయం చేసే మందు ఎవరి దగ్గరా లేదు. వేరు కిందికి తోసేయడమొక్కటే దారి. మొక్క తాగే దానికంటే కొంచెం ఎక్కువ నీళ్లు పెడితే ఆ మిగులు ఉప్పును మోసుకుని దిగిపోతుంది. ఎంత ఎక్కువన్నది నీళ్లనూ పంటనూ బట్టి. ఈసీ 2 నీళ్లతో టమాట దిగుబడి పడిపోకుండా కాపాడాలంటే, చెట్టుకు వంద లీటర్లు అవసరమైన చోట 123 లీటర్లు పెట్టాలి. అవే నీళ్లతో బీన్స్‌ను కాపాడాలంటే వందకు మూడు వందలు కావాలి! ఏ బోరు ఇస్తుంది? మూడు రెట్ల నీళ్లు తోడటం కంటే పంట మార్చుకోవడం నయం. నేను చెప్పదలచుకున్నది ఇదే. మనం పంట అనుకున్నాక నీళ్లు వెతుకుతున్నాం. ముందు నీళ్లు చూసి, ఆ తరవాత పంట అనుకోవాలి.

తరచుగా తడి పెట్టడం తప్పు కాదు, పైపైన పెట్టడం తప్పు. అరచెయ్యి లోతు తడిసి ఆగిపోతే ఉప్పు అక్కడే గూడు కట్టుకుంటుంది. చల్క నేలలు ఈ విషయంలో అదృష్టవంతులు, నీళ్లు సులువుగా దిగుతాయి. నల్లరేగడిలో అలా దిగవు, ఎక్కువ పెడితే వేరు ఊపిరాడక పోతుంది. రేగడి రైతులు ఈసీ 2 నీళ్లను చల్క రైతులంత ధైర్యంగా వాడకూడదు.

బోదెలు వేసి పారించేవాళ్లు ఒకసారి బోదె నెత్తి మీద తెల్లటి పూత చూడండి. నీళ్లు రెండు పక్కల నుంచి పైకి ఎగబాకి నెత్తిన ఆరిపోతాయి, ఉప్పు అక్కడ చేరుతుంది. సరిగ్గా అక్కడే మనం నారు గుచ్చుతాం. నెత్తిన గుచ్చకుండా భుజం మీద గుచ్చండి. ఒక సాలు విడిచి ఒక సాలు పారిస్తే ఉప్పు పొడి పక్కకు నెట్టుకుపోతుంది, మొక్కను తడి పక్కనే నాటుకోవచ్చు.

డ్రిప్పు ఉన్నవాళ్లకు మేలు ఎక్కువ, ఒక ప్రమాదం కూడా ఉంది. చుక్క పడే చోట మట్టి కడిగినట్టుంటుంది, ఉప్పు తడి అంచుల్లో ఉంగరంలా నిలుస్తుంది. వేసవి చివర చిన్న జల్లు పడిందనుకోండి, వాన వచ్చిందని మోటారు ఆపేస్తాం. ఆ జల్లు అంచులో ఉన్న ఉప్పునంతా కరిగించి వేరు మీదికి తెస్తుంది. మొగులు పట్టి చిన్న వాన పడుతున్నప్పుడు డ్రిప్పు నడవనీయండి. గట్టి వాన పడి నేల లోతుగా తడిశాక ఆపండి. స్ప్రింక్లర్లయితే పగటి పూట వద్దు. ఆకు మీద పడ్డ నీళ్లు ఎండకు ఆరి ఉప్పు ఆకులోకే దిగుతుంది. రాత్రి తిప్పండి.

పొటాష్ వేయాల్సి వస్తే మ్యూరియేట్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. ధర ఎక్కువే, అందుకే ఈసీ బాగున్నవాళ్లకు చెప్పను, ఉప్పు బోర్ల వాళ్లకే చెప్తున్నాను. గడ్డితోనో, ఆకుతోనో మొదళ్లు కప్పితే ఆవిరి తగ్గుతుంది, ఉప్పు పైకి లాగబడటం తగ్గుతుంది.

మూసీ మాట ఎత్తకపోతే ఈ ఊళ్లో ఈ ప్రసంగం పూర్తి కాదు. నగరానికి నీళ్లు మంజీర, కృష్ణ, గోదావరి నుంచి మంచివే వస్తాయి. మన ఇళ్లలో ఒకసారి తిరిగేసరికి వాటిలో మనం తిన్న ఉప్పు, బట్టల సబ్బు, గిన్నెల సబ్బు, సాఫ్టెనర్లు కక్కిన ఉప్పు అన్నీ చేరతాయి. మురుగు శుద్ధి కేంద్రం మురికిని చాలావరకు తీస్తుంది, కరిగిన ఉప్పును తీయదు. అది మూసీలో దిగి, కింది పొలాలకు పోతుంది. పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డున ఒకప్పుడు వరి ఉన్న చోట పశువుల మేతకు వాడే పారాగడ్డి పెరుగుతోంది. డైరీల గిరాకీ అందుకు ఒక కారణం, నీళ్ల తీరు ఇంకో కారణం. మనం ఇంట్లో పోసే ఒక్కో బస్తా సాఫ్టెనర్ ఉప్పు చివరికి ఎవరో ఒక రైతు మడిలో తేలుతుంది. అపార్టుమెంట్లలో శుద్ధి చేసిన నీళ్లు తోటకు వాడేవాళ్లు కూడా, నీళ్లు తేటగా ఉన్నాయని ఊరుకోకుండా ఈసీ చూసుకోండి.

మనకున్న పెద్ద భాగ్యం వాన. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు పడుతుంది. ఎకరం మీద అది 32 లక్షల లీటర్లు, ఇందాక టమాటకు పెట్టిన దానికి రెండింతలు, అదీ ఉప్పు లేని నీళ్లు. యాసంగిలో పోగుపడ్డ నలభై బస్తాలను కిందికి దించేది అదే. కానీ గెట్టు తెగి ఉంటే ఆ వాన పొలాన్ని కడగకుండా పక్క వాగులోకి పరుగెడుతుంది. మృగశిర రాకముందే గెట్లు సరిచేసుకుని, దుక్కి దున్ని ఉంచండి. మిద్దె ఉన్నవాళ్లు పైకప్పు వాన నీళ్లను ఒక డ్రమ్ములో పట్టుకోండి. బోరు నీళ్ల ఈసీ 3 అయితే, సగానికి సగం వాన నీళ్లు కలిపితే 1.5కు దిగుతుంది. నారు బతుకుతుంది.

సరే, సీసాలు తెచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎడమ పక్క బల్ల మీద మీటరు ఉంది, ఒక్కొక్కరూ రండి. తేనివాళ్లు రేపు పొద్దున బోరు అరగంట నడిచాక పట్టండి, మోటారు వేయగానే వచ్చే నీళ్లు పైపులో నిలిచినవి. అవే నీళ్లతో సీసాను మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా నింపి మూత పెట్టండి. సీసా మీద ఊరు, బోరు లోతు, వేసిన పంట, తేదీ రాయండి. మే నెలాఖరున ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి పట్టాలి. ఒకే బోరు ఆ రెండు నెలల్లో రెండు రకాల నీళ్లిస్తుంది. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న అన్న సీసా మీద బీన్స్ అని రాసి ఉంది. ఆయనది ముందు చూద్దాం, ఇవ్వన్నా.